జయంతి ఏరుకొచ్చిన రైటరు

నగరిలో మరమగ్గాల మోత లేని వీధి వెతికినా దొరకదు. ఆ మోతలోనే పుట్టి పెరిగిన జయంతికి అది చెవిన పడేదే కాదు. కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగినప్పుడు మాత్రం ఉలిక్కిపడి తలెత్తేది. ఆ ఉలికిపాటు ఇంట్లోకి కంప్యూటరు వచ్చాక అలవాటైంది. పెళ్ళి వీడియో సగం రాసుకున్న డిస్కు కరెంటు పోతే ఎందుకూ పనికిరాకుండా పోయేది మరి.

వీధిలో ఆమెను అందరూ మిక్సింగ్ జయంతి అంటారు. ఆ పని పోయి చాలాకాలమైనా పేరు మాత్రం పోలేదు. నాయన మగ్గం నేసేవాడు. పదో తరగతి కాగానే వరసకు మామ అయ్యే ఢిల్లీబాబుకు ఇచ్చి పెళ్ళి చేశారు. అతను పుట్టిన రోజున వాళ్ళ నాయన లారీ తోలుకుపోయి ఢిల్లీలో సరుకు దించుతూ ఉన్నాడట, అందుకని ఆ పేరు. ఢిల్లీబాబు వీడియో కెమెరా కొని పెళ్ళిళ్ళకూ చెవిపోగుల ఫంక్షన్లకూ పోయేవాడు. తీసిన క్యాసెట్లు ముక్కలు అతికి పాటలు కలిపే మిక్సింగ్ కోసం తిరుత్తణి పంపితే వారాలు పట్టేది, పెళ్ళివాళ్ళు ఇంటి ముందుకొచ్చి నిలబడేవాళ్ళు. ఆ తలనొప్పి పడలేక సొంతంగా ఒక కంప్యూటరు కొన్నాడు. కొన్నాడే గానీ దాని ముందు గంటసేపు కుదురుగా కూర్చోవడం అతని వల్ల కాలేదు. జయంతి కూర్చుంది. తిరుత్తణిలో మిక్సింగ్ చేసే వాళ్ళింటికి బస్సెక్కి పోయి, కొన్నాళ్ళు పక్కన కూర్చుని చూసి నేర్చుకుంది.

ఆ తర్వాత ఒక పదేళ్ళు ఆమెకు ఊపిరాడలేదు. పెళ్ళికూతురు ముఖం తామరపువ్వులోంచి విచ్చుకునేది, పెళ్ళికొడుకు సీతాకోకచిలుక రెక్కల మీద వచ్చేవాడు. ఒక పొయ్యి మీద సాంబారు ఉడుకుతుంటే ఇంకో పక్క డీవీడీ రైటరులో డిస్కు తిరుగుతూ ఉండేది. చేతి జిడ్డు అంటకుండా అంచులు పట్టుకుని తీసి, పేరు రాసి, కవరులో పెట్టేది. డీవీడీ అన్నా ఆ చుట్టుపక్కల ఎవరికీ పట్టదు, అందరికీ అది సీడీయే.

ఫోన్లు వచ్చాయి. పెళ్ళిళ్ళు తీసే కుర్రవాళ్ళు గాల్లోకి ఎగిరే కెమెరాలు తెచ్చారు. ఢిల్లీబాబు కొంతకాలం పోరాడి, ఆఖరికి నాయుడుపేటలో ఒక కంపెనీ బస్సు నడిపే పనిలో చేరాడు. శనివారం వచ్చి సోమవారం తెల్లారి పోతాడు. జయంతి బ్లౌజులు కుడుతుంది. కూతురు ఐశ్వర్య తిరుపతిలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. కంప్యూటరు బల్ల మీద సగం చోటు కుట్టుబట్టలు ఆక్రమించాయి. అయినా వారానికి ఒకసారి దుమ్ము తుడిచి కాసేపు నడిపించేది. పాత ఇనుము వాడికి వేసేయమని ఢిల్లీబాబు ఎన్నిసార్లు అన్నాడో. ఆమె సరేననేది, వేసేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆమె మిషను ముందు కూర్చుని ఉండగా వాకిట్లోకి ఇద్దరు వచ్చారు. ఒకామె డెబ్బై దాటిన మునిరత్నమ్మ. కార్వేటినగరం పక్కన ఎగువపాళెం ఆమె ఊరు. వెంట వచ్చినవాడు అదే ఊరి వెంకటముని, పాల వ్యాను నడుపుతాడు, ఎండాకాలంలో భారతం నాటకాల్లో వేషం కడతాడు. మునిరత్నమ్మ ఒక ప్లాస్టిక్ కవరులోంచి డిస్కు తీసి ఇచ్చింది. దాని వెనక గీతలు చూస్తే ఎవరో గిన్నెలు తోమే పీచుతో రుద్దినట్టు ఉంది. పైన జయంతి చేతిరాతే: ఎగువపాళెం భారతం, అర్జున తపస్సు.

చూడగానే ఆమెకు గుర్తొచ్చింది. మునిరత్నమ్మ భర్త దొరస్వామి అంటే ఆ వైపు పల్లెలన్నిటికీ అర్జునుడే. భారతం జరిగే ఊళ్ళలో తపసు రోజున ఎత్తయిన మాను నాటుతారు. అర్జునుడి వేషగాడు మెట్టుకొక పద్యం పాడుతూ దాని కొసకు ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, విభూతి పొట్లాలు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిచీరలతో కింద కొంగు పట్టుకుని నిలబడతారు, అందులో నిమ్మకాయ పడితే కడుపు పండుతుందని నమ్మకం. దొరస్వామి ఆ మాను మీద పాడితే, మైకు లేని రోజుల్లో కూడా పక్కూరి పొలాల్లోకి వినిపించేదని చెప్పుకునేవారు. చాలా ఏళ్ళ కిందట ఢిల్లీబాబు ఆ తపస్సును మొదటినుంచీ చివరిదాకా తీశాడు. మిక్సింగ్ చేసింది జయంతి.

ఇప్పుడు ఆ గొంతు లేదు. నిరుడు గొంతులో గడ్డ లేచి దొరస్వామికి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. ఈ ఏడు మాను ఎక్కే బాధ్యత వెంకటమునిది.

"ఎక్కేదానికి నాకు బయం లేదక్కా" అన్నాడు వెంకటముని. "పద్యాలు పుస్తకంలో ఉండాయి. వరసే యాడా లేదు. ఆయన ఒక్కో మెట్టుకు ఒక్కో రాగం తీసేవాడు. నేను ఏం పాడినా ఆయన కాదని తల ఊపతాడు. అది ఎట్లనో చెప్పేదానికి ఆయనకు నోరు లేదు."

"చెప్పలేకనే కోపం పాపా" అంది మునిరత్నమ్మ. "చెంబు ఎత్తి ఇసిరేస్తాడు. ఈ సీడీ మా ఇంట్లో ఆడి ఆడి అరిగిపోయింది. నీ కాడ ఇంకోటి ఉంటాదేమో అని వచ్చినాం."

జయంతి పరుపుల బీరువా పైనుంచి దుమ్ముపట్టిన డబ్బా దించింది. ఊరూరి పెళ్ళిళ్ళ మాస్టర్ డిస్కులు అందులో ఉన్నాయి. ఆ రోజుల్లో కంప్యూటరులో చోటు తక్కువ. ఒక పెళ్ళి ముగియగానే అది తుడిచేసి ఇంకో పెళ్ళి ఎక్కించేవాళ్ళు. డిస్కు మీద ఉన్నదే మిగిలేది. అడుగున ఎగువపాళెం భారతం దొరికింది. గీత కూడా పడలేదు. మునిరత్నమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

జయంతి కంప్యూటరు వేసి, డిస్కు ట్రేలో పెట్టి లోపలికి నెట్టింది. రైటరు ఒకసారి గుర్రుమని, టకటకమని కొట్టుకుని ఊరుకుంది. బొత్తాం నొక్కితే ట్రే బయటకు రాదు. కంప్యూటరు ఆపి, మళ్ళీ వేసి, వైరు ఊడదీసి, మళ్ళీ తగిలించి చూసింది. దీపం కూడా వెలగలేదు. వెంకటముని మొహం మాడిపోయింది. ఆమె పిన్నీసు వంపు తిన్నగా చేసి, ట్రే కింద ఉండే చిన్న కన్నంలో పొడిచి మెల్లగా నొక్కితే ట్రే వేలెడంత బయటకొచ్చింది. దాన్ని వేళ్ళతో లాగి డిస్కు తీసింది. డిస్కుకు ఏమీ కాలేదు. రైటరు మాత్రం అయిపోయింది.

తపసు ఎప్పుడని అడిగింది. నెలలోపే అన్నారు. కొత్త రైటరు తెచ్చి, రాసి ఇస్తానని మాట ఇచ్చి పంపింది. మాట ఇచ్చాక భయం మొదలైంది.

సాయంత్రం ఢిల్లీబాబుకు ఫోను చేసి చెప్పింది. అతను విసుక్కున్నాడు. ఇప్పుడు రైటర్లు ఎవరు అమ్ముతున్నారు, అమ్మినా మన పాత డబ్బాకు ఎక్కుతాయా, ఎప్పుడో వదిలేసిన పని ఇప్పుడు నెత్తికెత్తుకోవడం ఎందుకని అడిగాడు. ఆ పని పేరెత్తితే అతనికి ఎప్పుడూ అంతే, పుండు మీద చెయ్యి పడినట్టుంటుంది. జయంతి వాదనకు పోకుండా ఒక్క మాట అడిగింది.

"మాను కొసలో ఆయన మొగం కనపడాలని నువ్వు నీళ్ళ ట్యాంకు ఎక్కి తీసినావు మామా. మర్సిపోయినావా?"

 అవతల అతను బస్సు ఇంజను ఆపాడు.

"మర్సిపోలేదులే" అన్నాడు.

నగరిలో సెల్‌ఫోను అంగళ్ళన్నీ అడిగింది. ఒకాయన నవ్వి, పెన్‌డ్రైవ్ తీసుకుపోమ్మా అన్నాడు. దొరస్వామి ఇంట్లో ఉండేది పెట్టె టీవీ, దాని కింద పాత డీవీడీ ప్లేయరు. పెన్‌డ్రైవ్ పెట్టే చోటే లేదు వాటికి. అయినా పెన్‌డ్రైవ్ లోకి ఎక్కించాలన్నా ముందు ఆ డిస్కు చదివే యంత్రం ఒకటి కావాలి కదా.

ఐశ్వర్య ఫోనులోనే వెతికి, పలకలాంటి పల్చటి రైటరు ఒకటి తెప్పించింది. శనివారం అది పట్టుకుని ఇంటికొచ్చింది. కంప్యూటరుకు వైరు తగిలించగానే దీపం వెలిగింది, తల్లీకూతుళ్ళ మొహాలూ వెలిగాయి. ఐశ్వర్య చిన్నప్పటి పుట్టినరోజు డిస్కు పెడితే చక్కగా ఆడింది. ఎగువపాళెం డిస్కు పెడితే మాత్రం తిరిగి తిరిగి, చేతకాదన్నట్టు బయటకు తోసింది. ఎన్నిసార్లు పెట్టినా అంతే.

"సీడీ పోయిందిమా" అంది ఐశ్వర్య. "వాళ్ళకు చెప్పేయ్. నువ్వు చేయగలిగింది చేసినావు."

జయంతి ఆ డిస్కును కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసింది. అంచు దగ్గర ఊదారంగు వెలిసిపోయి టీ మరకలా కనిపించింది. కానీ అంచు మాత్రమే. లోపలి భాగమంతా బాగానే ఉంది. పూర్వం ఒక రైటరులో ఆడని డిస్కు తిరుత్తణివాళ్ళ రైటరులో ఆడడం ఆమె చాలాసార్లు చూసింది. మసకగా ఉన్న అక్షరాలు ఒకరి కంటికి ఆనవు, ఇంకొకరు కూడబలుక్కుని చదివేస్తారు. యంత్రాలూ అంతే అనిపించింది ఆమెకు. ఆ పల్చటిదాన్ని వెనక్కి పంపేయమంది.

ఆదివారం రాత్రి ఢిల్లీబాబు ఏమీ అనకుండా కంప్యూటరు పెట్టె వైర్లు ఊడదీసి, పాత దుప్పట్లో మూట కట్టి పెట్టాడు. తెల్లారి తన బస్సుకు పోతూ ఆ మూటను తిరుపతి బస్సులో సీటు మీద దాకా మోసి దించాడు. కుదుపులకు దెబ్బ తగలకుండా ఒళ్ళో పెట్టుకోమని మాత్రం చెప్పాడు. పుత్తూరు దాటేలోపు జయంతి మోకాళ్ళు తిమ్మిరెక్కాయి. కండక్టరు వచ్చి మూటలో ఏముందని అడిగాడు. కంప్యూటరంటే నమ్మక, దుప్పటి కొస ఎత్తి చూసి, రిపేరుకా అని జాలిగా తలాడించి పోయాడు.

తిరుపతి బస్టాండుకు ఐశ్వర్య వచ్చింది. ఇద్దరూ మూటను చెరో పక్కా పట్టుకుని కంప్యూటరు అంగళ్ళ వీధిలో నడిచారు. మొదటి రెండు అంగళ్ళలో రైటర్లు లేవన్నారు. మూడోది మేడమెట్ల కింద చిన్న గది. అందులో శేషసాయి అనే కుర్రాడు నుదుట సన్నటి నామంతో, చేతిలో స్క్రూడ్రైవరుతో కూర్చుని ఉన్నాడు. మూట చూసి లేచి, బల్ల మీద చోటు చేశాడు. పెట్టె విప్పి లోపలికి చూసి, ఇది మా నాన్న అంగడి పెట్టిన కాలం నాటిదమ్మా అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు.

అతను విషయం మొత్తం విన్నాడు. ఇప్పుడు వచ్చే రైటర్లకు సన్న వైరు ఉంటుందని, ఈ పెట్టెలో ఉన్నది వెడల్పాటి పట్టీ వైరని, లోపల బిగించే కొత్తవేవీ దీనికి సరిపోవని వివరించాడు. బయట తగిలించేదాంట్లో కాస్త పెద్దది, విడిగా కరెంటు తీసుకునేది ఒకటి ఉందన్నాడు. జయంతి ముందు డిస్కు పెట్టి చూపించమంది. కొనకముందే సీలు విప్పి చూపించే అలవాటు ఎవరికీ లేదు. అతను కాసేపు తల గోక్కుని, సరేనని విప్పాడు.

ఈసారి డిస్కు తెరుచుకుంది. తెర మీద ఎగువపాళెం ద్రౌపదమ్మ గుడి కనిపించింది. తర్వాత మాను, మాను చుట్టూ జనం, పసుపు గుడ్డల అర్జునుడు మొదటి మెట్టు మీద. దొరస్వామి గొంతు ఆ చిన్న గదిలో మోగేసరికి పక్క అంగడివాళ్ళు తొంగి చూశారు. శేషసాయి నవ్వుతూ జయంతి వైపు తిరిగాడు. ఫైళ్ళు కంప్యూటరులోకి ఎక్కించడం మొదలుపెడితే సగం దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి ముందుకు జరగలేదు.

సగమంటే సగం మాను. పైమెట్లవి, కొసమీదవి పద్యాలన్నీ అవతల సగంలోనే ఉన్నాయి. రైటరు డిస్కును లోపల్నుంచి అంచుకు రాసుకుంటూ పోతుంది కాబట్టి వెలిసిన భాగమంతా అక్కడే పడింది.

జయంతి గది మూలకు చూసింది. అక్కడ అట్టపెట్టె నిండా పాత రైటర్లు, ఆఫీసులు పారేసిన కంప్యూటర్లలోంచి పీకినవి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.

"అయ్యి పనిచేస్తాయా అప్పా?"

కొన్ని చేస్తాయి, కొన్ని చేయవు, ఏది ఏదో తనకూ తెలియదన్నాడు శేషసాయి. వాటిని తూకానికి అమ్మేద్దామని పెట్టాడట. ఆమె కింద కూర్చుని పెట్టె ముందుకు లాక్కుంది. వెడల్పు పట్టీ తగిలేవి ఒక పక్కకు పెట్టింది. వాటిలో ట్రే వంకరపోయినవి తీసేసింది. ఒక్కోదాన్నీ చేత్తో తూచి చూసి, తేలిగ్గా ఉన్నవి పక్కన పెట్టి, బరువైనవి ముందుకు తోసింది. ఎందుకని ఐశ్వర్య అడిగితే ఆమె దగ్గర గట్టి కారణం లేదు. తమ మొదటి రైటరు ఇటుకలా బరువుగా ఉండేదనీ అది చదవని డిస్కు ఉండేది కాదనీ మాత్రం చెప్పింది.

మొదటిది తగిలిస్తే తిరగనే లేదు. రెండోది తిరిగింది గానీ ఏ డిస్కునూ గుర్తుపట్టలేదు. మూడోదాని ముందు పలక పసుపురంగుకు మారి ఉంది, మూలన ఏదో ఆఫీసు అంకె రాసిన కాగితం అతికించి ఉంది. శేషసాయి డిస్కును చదివే దాని అద్దపు కంటిని దూదితో తుడిచి పెట్టాడు. అది చాలాసేపు ఆలోచించింది. ఎక్కించడం మొదలుపెట్టాక నత్తలా పాకింది. సగం దగ్గరికి వచ్చినప్పుడు ముగ్గురూ తెర మీదికి వంగారు. ఆగింది. వెనక్కి పోయినట్టు చప్పుడు చేసింది. మళ్ళీ కదిలింది.

మధ్యాహ్నం మొత్తం అట్లాగే గడిచింది. ఎక్కినంతవరకూ శేషసాయి తెర మీద ఆడించి చూపిస్తూ ఉన్నాడు. చివరికొచ్చేసరికి రెండు చోట్ల మాత్రం దాని వల్ల కాలేదు. అక్కడ బొమ్మ గళ్ళు గళ్ళుగా చెదిరిపోయి, పాట తెగిపోయింది. మిగిలినదంతా వచ్చింది.

మాను కొస మీద దొరస్వామి చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. నిమ్మకాయలు విసురుతుంటే ఢిల్లీబాబు కెమెరా కిందికి, కొంగులు పట్టుకున్న ఆడవాళ్ళ మీదికి దిగింది. తడిచీరలతో, పైకెత్తిన మొహాలతో అందరూ ఒకేలా ఉన్నారు. ఐశ్వర్య తెరకు దగ్గరగా వంగింది.

"మా, ఇది నువ్వా?"

బక్కపల్చటి పిల్ల. పసుపు చీర తడిసి ఒంటికి అంటుకుంది. మిగతావాళ్ళలా అరవకుండా, నెట్టుకోకుండా ఒక పక్కగా నిలబడి, పైకి చూస్తూ ఉంది. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లలు లేని రోజులవి. మిక్సింగ్ చేసేటప్పుడు ఆ ముక్క తీసేద్దామనుకుంది జయంతి, ఎందుకో చేతులు రాలేదు.

"నేనే" అంది. "నిమ్మకాయ నా కొంగులో పడలా. పక్కనామెకు పడింది. ఆమె సగం కోసి నాకిచ్చింది."

 ఐశ్వర్య కుర్చీ జరుపుకుని తల్లికి ఆనుకుని కూర్చుంది. ఆ తర్వాత సీడీ పోయిందన్న మాట ఆ పిల్ల నోట మళ్ళీ రాలేదు.

ఇక ఏది కొనాలన్నది మిగిలింది. శేషసాయి దాచకుండా చెప్పాడు. డిస్కులోని సరుకు కంప్యూటరులోకి వచ్చేసింది కాబట్టి, రాయడానికి కొత్తదే మేలన్నాడు.

"ఈ పాతదానికి నేను గ్యారంటీ ఇవ్వలేనమ్మా. వారంలో పోవచ్చు, ఏడాది ఉండొచ్చు."

జయంతి రెండింటినీ చూసింది. కొత్తది నల్లగా నిగనిగలాడుతూ ఉంది. బీరువా మీది డబ్బా ఆమె కళ్ళ ముందు మెదిలింది. అందులో ఇంకా ఎన్ని ఊళ్ళ డిస్కులున్నాయో, ఎన్నిటి అంచులు వెలిసిపోతున్నాయో.

"కొత్తది బాగా రాస్తాదప్పా, కాదనను" అంది. "రాసేదానికి ముందు సదవల్ల గదా. నాకు ఇదే ఇయ్యి."

అది పెట్టెలో బిగించి, ఒక ఖాళీ డిస్కు మీద రాయించి చూశాడు. రాసింది. నిదానంగా రాయిస్తే పాత ప్లేయర్లలో బాగా ఆడుతుందని ఆమె వేగం తగ్గించమంటే, అవును నిజమేనని తగ్గించాడు. మూట కట్టేటప్పుడు మూలనున్న అట్టపెట్టెలోంచి ఇంకో బరువైన రైటరు ఏరి, ఉంచుకోండమ్మా అని దుప్పట్లో దోపాడు.

రెండు రోజుల తర్వాత జయంతి ఎగువపాళెం పోయింది. మునిరత్నమ్మ ఇంటి పెట్టె టీవీ ముందు ఊరి నాటకం వాళ్ళు కూర్చున్నారు. దొరస్వామి గోడకు ఆనుకుని మంచం మీద ఉన్నాడు. ఎప్పుడో చూసిన నిలువెత్తు మనిషి చిక్కి, మెడకు తెల్లటి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. జయంతిని గుర్తుపట్టలేదు. మునిరత్నమ్మ చెవిలో చెబితే తలాడించాడు.

డిస్కు ఆడింది. తన గొంతు వినపడగానే ఆయన కళ్ళు మూసుకున్నాడు. వెంకటముని ఒక్కో పద్యానికీ ఆపి, తాను పాడి, మళ్ళీ వినేవాడు. నాలుగో మెట్టు దగ్గర తెర నిండా గులాబీ రేకులు రాలి, అర్జునుడు కాసేపు కనపడకుండా పోయాడు. దొరస్వామి కళ్ళు తెరిచి, ఇదేమిటన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆ రోజుల్లో అందరికీ పూలు ఇష్టమని జయంతి సిగ్గుపడుతూ చెప్పింది. ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని మునిరత్నమ్మ చెబితే గాని ఎవరికీ తెలియలేదు. ఆపరేషన్ తర్వాత నవ్వడం అదే మొదటిసారట.

పైమెట్ల దగ్గరికి వచ్చాక బొమ్మ చెదిరి పాట ఆగింది.  జయంతి తన తప్పేమీ లేకపోయినా తల దించుకుంది. అప్పుడు మంచం మీద తాళం వినపడింది. దొరస్వామి అరచేత్తో మంచంపట్టె మీద వేస్తున్నాడు. పెదాలు కదులుతున్నాయి. పద్యం మాటలు వెంకటముని దగ్గరున్న పుస్తకంలో ఉన్నాయి. ముందూ వెనకా పద్యాల వరస డిస్కులో ఉంది. మధ్యది ఆ తాళానికి కూర్చుకుని ఎత్తుకున్నాడు. దొరస్వామి తల అడ్డంగా ఊపాడు. వెంకటముని మళ్ళీ ఎత్తుకున్నాడు. చెంబు కోసం చెయ్యి చాచాడు ముసలాయన, మునిరత్నమ్మ ముందే పక్కకు తీసి పెట్టింది. ఆ రోజు కుదరలేదు. జయంతి బస్సు వేళకు బయల్దేరే సమయానికి కూడా వాళ్ళు అక్కడే ఉన్నారు. తర్వాత కూడా వెంకటముని రోజూ పాలు పోసి వచ్చి, మధ్యాహ్నాలు ఆ మంచం దగ్గర కూర్చున్నాడని తెలిసింది. పాట తెగిన రెండు చోట్లలో ఒక ఖాళీ పూడింది. రెండోదానికి ముసలాయన ఒప్పుకోనేలేదు.

తపసు రోజున ఢిల్లీబాబు సెలవు పెట్టి వచ్చాడు. ముగ్గురూ ఎగువపాళెం పోయారు. అతను జనం మధ్య నిలబడి కాసేపు అటూ ఇటూ చూసి, భార్యకు చెప్పకుండానే పోయి నీళ్ళ ట్యాంకు నిచ్చెన ఎక్కాడు. ఐశ్వర్య ఫోను అతని చేతిలో ఉంది. కిందనుంచి అరుస్తున్న వాళ్ళను పట్టించుకోకుండా కాలు మడిచి కూర్చుని, ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ కూర్చోవడం జయంతికి బాగా ఎరుకే.

వెంకటముని ఎక్కాడు. కిందిమెట్ల మీద గొంతు వణికింది, తర్వాత కుదురుకుంది. ముసలాయన దొరస్వామి కాదు అతను, అంత దూరం వినపడే గొంతూ కాదు. కానీ రాగం అదే. జనంలో వయసు మళ్ళినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కుర్చీలో కూర్చున్న దొరస్వామి కళ్ళు మాను మీదనే ఉన్నాయి, చెయ్యి తొడ మీద తాళం వేస్తూ ఉంది. రెండో ఖాళీ వచ్చినప్పుడు వెంకటముని ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తనకు తోచిన వరసలోనే ఎత్తుకున్నాడు. దొరస్వామి చెయ్యి ఆగింది. మునిరత్నమ్మ భర్త మొహం వైపు చూసింది. పద్యం సగమయ్యేదాకా ఆయన కదల్లేదు. ఆ తర్వాత ఆ కొత్త వరసకే మెల్లగా తాళం వేయడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రమే ఐశ్వర్య ఆ వీడియో ఊరివాళ్ళ ఫోన్లకు పంపింది. డిస్కులో కావాలన్నవాళ్ళకు జయంతి రాసి ఇచ్చింది. ఈసారి పూలు వేయలేదు.

మాట ఎట్లా పాకిందో గాని, ఆ తర్వాత ఆడని డిస్కులు పట్టుకుని జనం ఆమె ఇంటికి రావడం మొదలైంది. సత్యవేడు నుంచి నాటకాలు నేర్పే మేస్త్రీ ఒకాయన వచ్చాడు. పుత్తూరు నుంచి ఒక టీచరు తన పెళ్ళి డిస్కు తెచ్చింది. కొన్ని ఆడాయి. కొన్ని ఎంత చేసినా ఆడలేదు, ఆ మాట చెప్పడం జయంతికి కష్టంగా ఉండేది. శనివారం వచ్చిన ఢిల్లీబాబు బీరువా మీది డబ్బా దించి, ఏ ఊరివి ఆ ఊరికి వేరు చేసి, వెలుతురుకు పట్టి చూసి, ముందు కాపీ చేయవలసినవి విడిగా పెడుతున్నాడు.

నిన్న కుప్పమ్మ వచ్చింది. రెండు వీధుల అవతల ఉంటుంది, మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. తన పెళ్ళి ఊరేగింపులో తమ్ముడు పలకడప్పుల మోతకు ఎగిరినాడని, ఆ తమ్ముడు ఇప్పుడు లేడని చెప్పి, కొంగులోంచి డిస్కు తీసి ఇచ్చింది. జయంతి అంచులు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. లోపలి వైపు తేటగా ఉంది, అంచుకు దగ్గరగా ఒక చోట మసక ఉంది.

"ఊరేగింపు మొదట్లో వస్తాదా, కడాన వస్తాదా?" అని అడిగింది.

మొదట్లోనే అంది కుప్పమ్మ. అయితే వచ్చే అవకాశం ఉందని చెప్పి, జయంతి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, డిస్కు ట్రేలో పెట్టి నెట్టింది. రైటరు తిరగడం మొదలైంది. ఇద్దరూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు.